కొండ దారిలో జీపు

అల్లూరి సీతారామరాజు జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. పాడేరు దాని ముఖ్య పట్టణం. అంతకు ముందు పాడేరు, అరకు, చింతపల్లి వైపు ఊళ్లన్నీ విశాఖపట్నం జిల్లాలో ఉండేవి. పేరు మారినా కొండలు మారలేదు. వానలు మారలేదు. చాలా ఊళ్లకు దారి కూడా మారలేదు.

ఈ కొండల్లో జీపు చాలా పనులు చేస్తుంది. సంతకు మనుషుల్ని తీసుకుపోతుంది. పసుపు బస్తాలు, కాఫీ గింజల బస్తాలు దింపుతుంది. బొర్రా గుహల దగ్గరి నుంచి కటికి జలపాతం వైపు రాళ్ల దారిలో చూడవచ్చిన వాళ్లను ఎక్కిస్తుంది. ఒంట్లో బాగాలేని వాళ్లను ఆసుపత్రికి చేరుస్తుంది. బస్సు ఆగిపోయిన చోట జీపు మొదలవుతుంది.

జీపు పుట్టింది యుద్ధం కోసం. 1941లో అమెరికా సైన్యం కోసం తయారు చేశారు. రోడ్డు లేని చోట కూడా నడవాలని దాన్ని అలా కట్టారు. 1940ల చివర్లో మన దేశంలో మహీంద్రా కంపెనీ జీపులు బిగించడం మొదలు పెట్టింది. ఆ తర్వాత రకరకాల బళ్లు వచ్చాయి. జనం మాత్రం అన్నిటినీ జీపు అనే అంటారు.

జీపు ఎంత గట్టిదైనా నేలను తాకేది నాలుగు టైర్లే. ఒక్కో టైరు నేలకు ఆనే చోటు మన అరచేయి కన్నా కొంచెం పెద్దది, అంతే. బండి బరువు, మనుషుల బరువు, ప్రాణాలు అన్నీ ఆ నాలుగు అరచేతుల మీదే ఉంటాయి.

మావా అల్లుళ్ల జీపు

పాడేరు దగ్గర ఒక ఊరు. అక్కడ ఒక జీపు డ్రైవరు ఉన్నాడు. 22 ఏళ్లుగా బండి నడుపుతున్నాడు. చదువు రాదు. ఇంజను చప్పుడు విని జబ్బేమిటో చెప్పగలడు. జీపు సొంతమే. కానీ ఇంకా వాయిదాలు కట్టాలి.

అక్క కొడుకు ఆయన దగ్గరే క్లీనరు. కుర్రవాడికి 19 ఏళ్లు. చిన్నప్పుడు బడి మానేశాడు. ఈ మధ్యనే రాత్రి బడిలో చదవడం, రాయడం నేర్చుకున్నాడు. ఇప్పుడు కనిపించిందల్లా చదువుతున్నాడు. గోడ మీది రాత చదువుతున్నాడు. అగ్గిపెట్టె మీది రాత చదువుతున్నాడు.

గురువారం సాయంత్రం. మర్నాడు అరకు సంత. ఇద్దరూ బండి చూసుకుంటున్నారు.

"అల్లుడూ, టైర్లకి గాలి చూడు. బేగి కానీ. చీకటి పడిపోతాది" అన్నాడు మావ.

కుర్రవాడు టైరు దగ్గర కూర్చున్నాడు. గాలి చూడలేదు. వేలు పెట్టి అక్షరాలు వెతుకుతున్నాడు.

"ఏటి చేస్తున్నావురా?"

"టైరు మీద ఏదో రాసుంది మావా. చదువుతున్నాను."

మావ నవ్వాడు. "టైరు మీద ఏటుంటాది? కంపెనీ పేరుంటాది."

కంపెనీ పేరు ఒక్కటే కాదు. టైరు మీద చాలా సంగతులు ఉంటాయి.

టైరు మీది రాత

టైరు పక్క గోడ మీద అంకెలు ఉంటాయి. వాటి మధ్య ఇంగ్లీషు అక్షరాలు కూడా ఉంటాయి. ఉదాహరణకి ఒక టైరు మీద ఇలా ఉంటుంది:

215/75 ఆర్ 15, 100 ఎస్

ఇందులో 215 అంటే టైరు వెడల్పు. మిల్లీమీటర్లలో చెబుతారు. అంటే 21 సెంటీమీటర్లకు కొంచెం ఎక్కువ.

75 అంటే పక్క గోడ ఎత్తు. వెడల్పులో నూటికి 75 వంతులు అని అర్థం.

ఆర్ అంటే రేడియల్ రకం టైరు.

15 అంటే లోపలి ఇనుప చక్రం కొలత. అంగుళాల్లో చెబుతారు. 15 అంగుళాల చక్రానికి 15 టైరే పడుతుంది. 16 టైరు పడదు.

100 అంటే వంద కిలోలు కాదు. అది ఒక గుర్తు. ఆ గుర్తు ఉన్న టైరు 800 కిలోలు మోస్తుంది. 97 అని ఉంటే 730 కిలోలు. 104 అని ఉంటే 900 కిలోలు. అదీ గాలి సరిగా ఉన్నప్పుడే.

చివరి అక్షరం వేగానికి గుర్తు. ఆ టైరు ఎంత వేగం దాకా పనికొస్తుందో చెబుతుంది. కొండ దారిలో ఆ వేగం మనకు అక్కర లేదు.

ఇంకొక అంకె ఉంటుంది. చాలా మంది దాన్ని చూడరు. చిన్న గడిలో నాలుగు అంకెలు ఉంటాయి. అదే టైరు పుట్టిన తేదీ. మొదటి రెండు అంకెలు వారం. చివరి రెండు అంకెలు సంవత్సరం. 3219 అని ఉంటే 2019వ సంవత్సరంలో 32వ వారం అన్న మాట. ఒక్కోసారి ఈ అంకెలు టైరుకు ఒక పక్కనే ఉంటాయి. లోపలి పక్కకు పడితే వంగి చూడాలి.

కుర్రవాడు ఆ నాలుగు అంకెలూ వెతికాడు. నాలుగు చక్రాలూ చూశాడు. నాలుగూ బాగానే ఉన్నాయి. తర్వాత వెనక తగిలించిన స్టెప్నీ చూశాడు. గుడ్డతో మట్టి తుడిచాడు. ఇంకోసారి చదివాడు.

"మావా, ఈ స్టెప్నీ ఎప్పుడు కొన్నావు?"

"మొన్న ఎండాకాలంలో కొన్నాను. పాత టైరే. కానీ కొత్త దానిలాగుంది. గాడులు చూడు, ఎంత లోతుగా ఉన్నాయో. సగం ధరకి ఇచ్చాడు."

"దీని మీద 1412 అని ఉంది మావా."

"అయితే?"

"2012లో పుట్టింది. పదేళ్లు ఎప్పుడో దాటిపోయాయి."

మావ దగ్గరకు వచ్చాడు. టైరు మీద చెయ్యి పెట్టాడు. గాడులు లోతుగానే ఉన్నాయి. కానీ పక్క గోడ మీద సన్నటి బీటలు ఉన్నాయి. ఎండిన చెరువు మట్టిలాగా ఉన్నాయి. ఇన్నాళ్లూ మట్టి కింద కనిపించలేదు.

రబ్బరుకు వయసు ఉంటుంది

టైరు వాడితేనే అరుగుతుంది. కానీ వాడకపోయినా ముసలిదవుతుంది. ఎండ, గాలి తగిలి రబ్బరు గట్టిపడుతుంది. బీటలు పడుతుంది. లోపలి పొరల పట్టు వదులుతుంది. పైకి కొత్తగా కనిపిస్తుంది. బరువు పడి వేడెక్కగానే పొర ఊడిపోతుంది, లేదా పేలిపోతుంది.

ఐదేళ్లు దాటిన టైరును ఏడాదికి ఒకసారైనా తెలిసిన వాళ్లకు చూపించాలి. పదేళ్లు దాటిన టైరును పైకి బాగున్నా తీసెయ్యాలి. స్టెప్నీ అయినా అంతే.

అరుగుదల చూడడం కూడా తేలికే. టైరు గాడుల అడుగున చిన్న రబ్బరు దిమ్మలు ఉంటాయి. వాటి ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. పక్క గోడ మీద టి.డబ్ల్యు.ఐ. అనే అక్షరాలు గానీ, బాణం గుర్తు గానీ ఉంటుంది. దానికి నేరుగా చూస్తే దిమ్మ కనిపిస్తుంది. టైరు అరిగి దిమ్మతో సమానం అయిందా? ఇక ఆ టైరు పని అయిపోయింది. గుండు టైరు బురదలో జారుతుంది. తడి రోడ్డు మీద కూడా జారుతుంది.

అరుగుదల మరో సంగతి కూడా చెబుతుంది. నడుమ ఎక్కువ అరిగితే గాలి ఎక్కువ పెడుతున్నారు. రెండు అంచులూ అరిగితే గాలి తక్కువ పెడుతున్నారు. ఒక అంచే అరిగితే చక్రాల వరస తప్పింది. మెకానిక్కుకి చూపించాలి.

"సగం ధరకు ఇచ్చాడు"

మావ చాలాసేపు మాట్లాడలేదు. బీడీ వెలిగించాడు.

"ఇది స్టెప్నీయే కదరా. నడిచే చక్రం కాదు. రేపు సంతకి ఇలాగే పోదాం. నెలాఖరుకి కొత్తది కొందాం."

"స్టెప్నీ ఎప్పుడు వేస్తాం మావా?"

"టైరు దిగినప్పుడు."

"టైరు ఎక్కడ దిగుద్ది?"

మావకు అర్థమైంది. టైరు ఇంటి దగ్గర దిగదు. రాళ్ల దారిలో దిగుతుంది. ఘాటులో దిగుతుంది. బండి నిండా మనుషులు ఉన్నప్పుడు దిగుతుంది. అప్పుడు ఈ ముసలి టైరే నడిచే చక్రం అవుతుంది.

సంత రోజు ట్రిప్పు పోతే ఆ వారం రాబడి పోతుంది. వాయిదా కట్టాలి. కొత్త టైరుకు డబ్బు కావాలి. మావ లెక్క వేసుకున్నాడు. లెక్క సరిపోలేదు. అయినా పొద్దున్నే లేచి, సంత ట్రిప్పు మానుకుని పాడేరు వెళ్లాడు. వాయిదా కోసం దాచిన డబ్బుతో కొత్త టైరు కొన్నాడు. ఈసారి కొనే ముందు అల్లుడి చేత తేదీ చదివించాడు.

"ఆ పాత టైరు అమ్మేద్దామా మావా?"

"వద్దు. మనకి పనికిరానిది ఇంకొకడికి అంటగట్టడమెందుకు?" అన్నాడు మావ. ఆ టైరును కోసేశాడు. ఆవులకు కుడితి తొట్టి అయింది.

గాలి ఎంత ఉండాలి?

గాలిని పౌండ్లలో కొలుస్తారు. ఎంత గాలి పెట్టాలో బండి కంపెనీ వాళ్లే చెబుతారు. డ్రైవరు తలుపు దగ్గర గానీ, బండి పుస్తకంలో గానీ రాసి ఉంటుంది. ముందు చక్రాలకు ఒక లెక్క, వెనక చక్రాలకు ఒక లెక్క ఉండవచ్చు. బరువు వేస్తే వెనక చక్రాలకు ఎక్కువ కావాలి.

కాలితో తన్ని గాలి చూడడం తప్పు. చప్పుడు బట్టి గాలి తెలియదు. గేజితోనే చూడాలి. చిన్న గేజి ఒకటి బండిలో ఉంచుకోవాలి.

టైరు చల్లగా ఉన్నప్పుడు చూడాలి. అంటే పొద్దున్నే, బండి కదలక ముందు. బండి నడిస్తే టైరు వేడెక్కుతుంది. లోపలి గాలి వ్యాకోచిస్తుంది. గేజిలో నాలుగైదు పౌండ్లు ఎక్కువ చూపిస్తుంది. అది చూసి గాలి తీసెయ్యకూడదు. చల్లారాక తక్కువైపోతుంది.

గాలి తక్కువైతే ఏమవుతుంది? టైరు పక్క గోడ ప్రతి చుట్టుకూ ఎక్కువగా వంగుతుంది. ఇనుప తీగను అటూ ఇటూ వంచి చూడండి. వంచిన చోట వేడెక్కుతుంది. చివరికి తెగుతుంది. టైరు కూడా అంతే. టైరు పేలడానికి మేకు ఒక్కటే కారణం కాదు. తక్కువ గాలి, ఎక్కువ బరువు, వేగం మూడూ కలిస్తే మంచి టైరైనా పేలుతుంది.

బురదలో, ఇసుకలో కూరుకుపోయినప్పుడు కొందరు డ్రైవర్లు కావాలనే కొంచెం గాలి తీస్తారు. టైరు చదునుగా పరుచుకుంటుంది. నేలను ఎక్కువ చోట పట్టుకుంటుంది. ఇది నిజమే. కానీ మూడు షరతులు ఉన్నాయి. బండిలో బరువు ఉండకూడదు. నెమ్మదిగానే పోవాలి. గట్టి నేల రాగానే మళ్లీ గాలి కొట్టాలి. బండిలో పంపు లేకపోతే గాలి తియ్యనే కూడదు. మరీ ఎక్కువ తీస్తే టైరు చక్రం అంచు నుంచి ఊడిపోతుంది. వాడి రాళ్ల మీద పక్క గోడ కూడా కోసుకుపోతుంది.

ఎంత మంది ఎక్కాలి?

ఇది అందరికీ తెలిసిన ప్రశ్న. జవాబు కూడా అందరికీ తెలుసు. అయినా సంత రోజు ఎవరికీ గుర్తుండదు.

ఒక లెక్క చూద్దాం. ఒక మనిషి బరువు 60 కిలోలు అనుకుందాం. 9 మంది కూర్చునే బండిలో 9 మంది ఎక్కితే 540 కిలోలు. 18 మంది ఎక్కితే 1080 కిలోలు. అంటే 540 కిలోలు ఎక్కువ. 50 కిలోల బియ్యం బస్తాలు దాదాపు 11 అదనంగా వేసినట్టు. ఇంకా సంత సామాను ఉంది. పైన గంపలు ఉన్నాయి.

ఈ బరువు నాలుగు టైర్ల మీదా సమానంగా పడదు. వెనక వేలాడే వాళ్ల బరువు వెనక టైర్ల మీదే పడుతుంది. ముందు చక్రాలు తేలిక అవుతాయి. స్టీరింగు తిప్పినా బండి సరిగా తిరగదు. బ్రేకు వేస్తే ఆగడానికి ఎక్కువ దూరం పడుతుంది. పైన బరువు ఉంటే మలుపులో బండి ఒరుగుతుంది.

తప్పు డ్రైవరు ఒక్కడిదేనా? "సర్దుకుంటాం బాబూ, పోనీ" అనేది మనమే. అలా అనే ముందు టైర్ల వైపు ఒకసారి చూడాలి.

కదిలే ముందు చూడాల్సినవి

టైర్లు బాగుంటే చాలదు. కొండ దారికి బండి మొత్తం సిద్ధంగా ఉండాలి. మావ చెప్పాడు, అల్లుడు పుస్తకంలో రాసుకున్నాడు.

ఇంజను ఆయిలు చూడాలి. బండి చదును నేల మీద ఉండాలి. ఇంజను ఆపి కొంతసేపు ఆగాలి. పుల్ల తీసి తుడిచి, మళ్లీ పెట్టి చూడాలి. ఆయిలు రెండు గీతల మధ్య ఉండాలి.

రేడియేటరు నీళ్లు చూడాలి. ఇంజను వేడిగా ఉన్నప్పుడు మూత తియ్యకూడదు. మరిగే నీళ్లు ముఖాన పడతాయి.

బ్రేకు ఆయిలు చూడాలి. తగ్గితే ఊరికే పోసి ఊరుకోకూడదు. ఎక్కడ కారుతోందో, బ్రేకు ఎంత అరిగిందో చూడాలి. బ్రేకు ఆయిలు గాలిలోని తడిని పీల్చుకుంటుంది. తడి చేరిన ఆయిలు వేడికి తొందరగా మరుగుతుంది. అప్పుడు పెడలు నొక్కినా బ్రేకు పడదు. అందుకని రెండేళ్లకు ఒకసారి మార్చాలి.

ఫ్యాను బెల్టు చూడాలి. బీటలుంటే మార్చాలి.

కమాను పట్టీలు చూడాలి. రాళ్ల దారిలో పట్టీ విరగడం మామూలే. వాటిని పట్టి ఉంచే బోల్టులు వదులయ్యాయేమో చూడాలి.

చక్రాల నట్లు పానాతో బిగించి చూడాలి. హారను, లైట్లు, వైపర్లు చూడాలి.

బండిలో ఈ సామాను ఉండాలి: గాలి ఉన్న స్టెప్నీ, జాకీ, చక్రం పానా, జాకీ కింద వెయ్యడానికి చెక్క, గాలి పంపు, గేజి, పంక్చరు సామాను, టార్చి లైటు, గట్టి తాడు, పార, రెండు అడ్డు రాళ్లు, తాగే నీళ్లు, మందుల పెట్టె. ఎరుపు త్రికోణం పలక కూడా ఉండాలి.

జాకీ ఉంటే చాలదు. అది పని చేయాలి. నెలకు ఒకసారి బండిని లేపి చూడాలి.

ఆ రాత్రి

శనివారం రాత్రి పది దాటింది. వాన పడి వెలిసింది. తలుపు చప్పుడైంది. కొండ మీది ఊరి నుంచి ఇద్దరు మనుషులు వచ్చారు. ఒకావిడకు నొప్పులు మొదలయ్యాయి. తొలి కాన్పు. 108కి ఫోను చేశారు. తారు రోడ్డు దాకా అంబులెన్సు వస్తుంది. కానీ ఊరి నుంచి తారు రోడ్డు దాకా ఏడు కిలోమీటర్లు. రాళ్లు, బురద. డోలీ కట్టి మోస్తే తెల్లారిపోతుంది.

"బండి వస్తుందా అన్నా?"

"వస్తాది. పద" అన్నాడు మావ.

పైకి వెళ్లడం బాగానే జరిగింది. ఆమెను జీపులో పరుపు మీద పడుకోబెట్టారు. తల్లి, ఆశా కార్యకర్త ఎక్కారు. ఇంకో నలుగురు ఎక్కబోయారు.

"వద్దు. ఒక్కరు చాలు. బండి తేలిగ్గా ఉంటేనే తొందరగా దిగుతాం" అన్నాడు మావ.

మూడు కిలోమీటర్లు దిగారు. ఒక వాడి రాయి వెనక టైరును కోసింది. బుస్సుమని చప్పుడైంది. బండి ఎడమ పక్కకు ఒరిగింది.

టైరు దిగితే ఏం చేయాలి?

మావ గట్టిగా బ్రేకు వెయ్యలేదు. స్టీరింగు రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు. కాలు మెల్లగా తీశాడు. బండి తనంతట తాను నెమ్మదించింది. టైరు దిగినప్పుడు, పేలినప్పుడు ఇలాగే చేయాలి. ఒక్కసారిగా బ్రేకు వేస్తే బండి తిరగబడుతుంది.

పది అడుగుల దూరంలో కొంచెం చదునైన చోటు ఉంది. అక్కడి దాకా మెల్లగా పోనిచ్చి ఆపాడు. వాలులో జాకీ పెట్టకూడదు.

తర్వాత ఒక్కో పనీ వరసగా చేశారు.

మొదట హ్యాండు బ్రేకు వేశారు. ఇంజను ఆపి, గేరులో ఉంచారు. మిగిలిన చక్రాలకు అడ్డు రాళ్లు పెట్టారు.

తర్వాత ఆమెను నలుగురూ కలిసి మెల్లగా దింపారు. కొండ పక్క చాప వేసి కూర్చోబెట్టారు. లోయ పక్క ఎవరినీ నిలబడనివ్వలేదు. జాకీ మీద ఉన్న బండిలో మనిషి ఉండకూడదు.

వెనక మలుపు దగ్గర త్రికోణం పలక పెట్టారు.

చక్రం నేల మీద ఉండగానే నట్లు సగం చుట్టు వదులు చేశారు. చక్రం గాలిలో ఉంటే అది తిరిగిపోతుంది. నట్టు వదులు కాదు. కొన్ని పాత జీపుల్లో ఎడమ పక్క చక్రాల నట్లకు ఎదురు మర ఉంటుంది. అది తెలియక బలం పెడితే బోల్టు విరుగుతుంది.

బురద నేల మీద చెక్క వేసి, దాని మీద జాకీ పెట్టారు. లేకపోతే బండి లేవదు, జాకీయే నేలలోకి దిగుతుంది. వెనక ఇరుసు కింద, దిగిన చక్రానికి దగ్గరగా జాకీ పెట్టి లేపారు.

స్టెప్నీని బండి కింద పడుకోబెట్టారు. జాకీ జారినా బండి దాని మీద ఆగుతుంది. ఎవరూ బండి కిందకు చెయ్యి గానీ కాలు గానీ పెట్టలేదు.

పాత చక్రం తీశారు. దాన్ని కింద పెట్టి, స్టెప్నీ తీసి ఎక్కించారు. నట్లు ముందు చేత్తో తిప్పారు. తర్వాత పానాతో ఎదురెదురుగా బిగించారు. ఒకటి బిగించాక దాని పక్కది కాదు, దాని ఎదురుది బిగించాలి. అప్పుడే చక్రం సమంగా కూర్చుంటుంది.

బండి దించాక మళ్లీ ఒకసారి గట్టిగా బిగించారు.

అల్లుడు గేజి పెట్టి చూశాడు. గాలి సరిగా ఉంది. టార్చి వెలుగులో కొత్త రబ్బరు నల్లగా మెరుస్తోంది. ఇద్దరూ ఏమీ అనుకోలేదు. ఆమెను ఎక్కించారు. బయలుదేరారు.

తారు రోడ్డు మీద అంబులెన్సు సిద్ధంగా ఉంది. తెల్లవారుజామున పాడేరు ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా క్షేమం.

మావ ఇంటికి రాలేదు. ఆసుపత్రి బయట బండి ఆపి, మొదట చక్రం నట్లు మళ్లీ బిగించాడు. చక్రం మార్చాక కొంత దూరం నడిస్తే నట్లు వదులవుతాయి. 50 కిలోమీటర్ల లోపే తప్పకుండా చూసుకోవాలి.

పంక్చరు వెయ్యడం

ట్యూబు టైరు అయితే టైరు లివర్లతో అంచు లేపి ట్యూబు తీయాలి. గాలి కొట్టి నీళ్లలో ముంచాలి. బుడగలు వచ్చిన చోట చిల్లు. అక్కడ తడి ఆర్చి, గరుకు కాగితంతో రుద్దాలి. సొల్యూషను రాసి, కొంచెం ఆరనిచ్చి, ప్యాచి నొక్కాలి. ట్యూబు మళ్లీ పెట్టే ముందు టైరు లోపల గుడ్డతో తడిమి చూడాలి. మేకు అక్కడే ఉంటే మళ్లీ గుచ్చుకుంటుంది. ఈ పని మరవడం వల్లే ఒకే టైరుకు రోజుకు రెండు పంక్చర్లు పడతాయి.

ట్యూబు లేని టైరు అయితే మేకు వెంటనే పీకకూడదు. మేకు ఉన్నంతసేపు గాలి మెల్లగా పోతుంది. దగ్గరలో షాపు ఉంటే అక్కడి దాకా పోవచ్చు. సామాను ఉంటే మేకు పీకి, రంధ్రం గీకి, రబ్బరు పట్టీని సూదితో దూర్చవచ్చు.

ఒక మాట గుర్తుంచుకోవాలి. నేలకు ఆనే భాగంలో చిల్లు పడితేనే ఇలా వెయ్యాలి. పక్క గోడ కోసుకుపోతే ఎవరూ బాగు చేయలేరు. ఆ రాత్రి తెగింది పక్క గోడే. ఆ టైరు మళ్లీ పనికి రాలేదు.

వాగు, ఘాటు

వాగు దాటే ముందు డ్రైవరు దిగి చూడాలి. కర్రతో లోతు చూడాలి. నీళ్లు వేగంగా పారుతుంటే మోకాలు లోతైనా బండిని తోసేస్తాయి. అప్పుడు ఆగడమే మంచిది. తక్కువ నీళ్లయితే మొదటి గేరులో, ఆగకుండా, నెమ్మదిగా దాటాలి. నడుమ ఇంజను ఆగిపోతే మళ్లీ స్టార్టు చేయకూడదు. లోపల నీళ్లు చేరి ఉంటే ఇంజను విరుగుతుంది. తాడు కట్టి లాగాలి. దాటాక బ్రేకు మెల్లగా రెండు మూడు సార్లు నొక్కాలి. బ్రేకులు ఆరతాయి.

ఘాటు దిగేటప్పుడు న్యూట్రల్ చేయకూడదు. డీజిలు మిగులుతుందని కొందరు అలా చేస్తారు. అప్పుడు బరువంతా బ్రేకుల మీద పడుతుంది. అవి కాలిన వాసన వస్తాయి. తర్వాత పట్టవు. ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలి. ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది. ఇరుకు దారిలో దిగే బండి ఆగి, ఎక్కే బండికి దారి ఇవ్వాలి. 1989 నాటి రోడ్డు నియమాల్లోనే ఈ మాట ఉంది.

అల్లుడి పుస్తకం

ఇప్పుడు జీపులో ఒక నోటు పుస్తకం ఉంది. అందులో అల్లుడు ఇలా రాస్తాడు:

"ఆదివారం. వెనక ఎడమ టైరు పక్క గోడ తెగింది. స్టెప్నీ వేశాం. మళ్లీ స్టెప్నీ కొనాలి. నట్లు బిగించాం. బ్రేకు ఆయిలు సరిగా ఉంది. ఫ్యాను బెల్టుకు బీట ఉంది, మార్చాలి."

మావ చదవలేడు. కానీ రోజూ పొద్దున్నే అడుగుతాడు. "ఏటి రాశావురా? చదువు."

పోయిన వారం నుంచి మావ ఒక పని చేస్తున్నాడు. ఎవరి జీపు పక్కన ఆగినా టైరు మీది మట్టి తుడుస్తున్నాడు. ఆ నాలుగు అంకెలూ ఒక్కొక్కటే కూడబలుక్కుంటున్నాడు. అంకెలు ఇప్పుడు ఆయనకు వచ్చు.

గుర్తుంచుకోండి

1. టైరు మీది నాలుగు అంకెలు దాని వయసు చెబుతాయి.
2. గాలిని గేజితోనే చూడాలి. టైరు చల్లగా ఉన్నప్పుడు చూడాలి.
3. స్టెప్నీ కూడా టైరే. దానికీ గాలి, వయసు చూడాలి.
4. ఎక్కువ బరువు, తక్కువ గాలి టైరును పేలుస్తాయి.
5. టైరు దిగితే గట్టిగా బ్రేకు వెయ్యకూడదు.
6. జాకీ మీద ఉన్న బండి కిందకు వెళ్లకూడదు.

మాట్లాడుకోండి

1. మీ ఊరి బండి టైర్ల మీద తేదీ చూడండి. అవి ఏ సంవత్సరానివి?
2. టైరు మీద 0821 అని ఉంది. అది ఎప్పుడు తయారైంది?
3. 10 మంది కూర్చునే బండిలో 16 మంది ఎక్కారు. ఒక్కొక్కరు 60 కిలోలు. ఎన్ని కిలోలు ఎక్కువ?
4. మావ సంత రాబడి వదులుకుని టైరు కొన్నాడు. మీరైతే ఏం చేసేవారు?
5. మీ ఊరి నుంచి రాత్రి పూట ఆసుపత్రికి వెళ్లాలంటే ఏ బండి ఉంది? దాని స్టెప్నీ ఎలా ఉంది?